బూజు పట్టిన ద్రాక్ష

ఎనభైల మొదట్లో, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సరస్సు ఒడ్డున రెండెకరాల ద్రాక్షతోట కౌలుకు తీసుకున్నాం. పురుగుమందు చుక్క కొట్టకుండా పెంచి, పాతకాలపు పద్ధతిలో తియ్యటి వైన్ చేయాలని మా ఆయన పంతం. తోటగల ముసలాయన మూడు కోతల గడువిచ్చాడు. అప్పటికీ ఆ వైన్ రాకపోతే తోట వదిలేయాలి. మొదటి పంట పిట్టలపాలైంది. రెండోది మంచుకు మాడిపోయింది. మూడో ఏడు మా ఆయనకు అన్నం సయించడం మానేసింది. ఆ ముఖం చూడలేక నేనూ చిక్కిపోయాను.

ఆయనకు సోమవారం నుంచి శుక్రవారం దాకా సిటీలో ఉద్యోగం. తోట కాపలా నాది. అక్టోబర్‌లో పొగమంచు పట్టుకుంది. బుధవారం ఫోన్ చేశారు.

“ఈ వెదర్‌కి బూజు పడుతుంది. జాగ్రత్తగా చూసుకో. సాటర్‌డే వస్తాను.”

పొయ్యిమీద పాలు చూసుకో అంటే కాపాడమని. పిల్లి సంగతి చూసుకో అంటే తరిమేయమని. ఆవకాయ మీద కాస్త బూజు కనబడితే గరిటెతో తీసి అవతల పారేసే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు రెండో అర్థమే తట్టింది.

మర్నాడు చూస్తే సగం గుత్తులు ముడుచుకుపోయి, బూడిదరంగు నూగుతో అసహ్యంగా ఉన్నాయి. రెండు రోజులు కత్తెరతో ఒక్కొక్కటే కోసి, బకెట్‌తో మోసుకెళ్లి పేడగుంటలో పోసి తొక్కాను. ఆయన రోజూ జపించే “నోబుల్ రాట్” ఈ బూజేనని నాకు తెలియదు. అదేదో ద్రాక్ష జాతి అనుకున్నాను. అడిగితే తెలిసేది. అడగలేదు, అతితెలివి.

శనివారం ఆయన తోటలో నిలబడిపోయారు.

“బూజు పట్టినవేవి?”

“మొత్తం తీసి పారేశానండీ,” అన్నాను గర్వంగా.

“అయ్యో! ఆ బూజు నీళ్లు పీల్చేస్తేనే కదే తీపి చిక్కబడేది. మన వైనంతా వాటిలోనే ఉంది.”

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గుంటలో మోకాళ్లమీద కూలబడి, రెండు చేతులా పేడ కెలికారు. ఏడుస్తూ నేనూ దిగాను. అంతా ముద్దయిపోయింది. చివరికి నా బకెట్ అడుగున అతుక్కున్న ఒక్క పండు దొరికింది. దాన్ని ఆయన నా నోట్లో పెట్టారు.

తేనె కూడా అంత చిక్కగా ఉండదు. ఆ తీపి గొంతు దిగకముందే, “సామాను సర్దుదాం,” అన్నారు.