ఓడ మీద అక్క వేసిన బంతి

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మా అక్క పోయింది. ఛాయ్ తాగి, అందులో అల్లం తక్కువైందని కోడలికి చెప్పి, గోడకు ఆనుకుని కన్ను మూసింది. చివరి మాట ఫిర్యాదు కావడం ఆమెకు తగ్గట్టే ఉంది. అక్క అంటున్నాను గానీ తోబుట్టువు కాదు, నా తోడికోడలు. చంద్రపూర్‌లో, తుకుం పేటలో ఒకే వంటింట్లో ఇన్నేళ్లు పోట్లాడుకున్నాం కాబట్టి తోబుట్టువు కన్నా ఎక్కువే.

ఆమెను మహానుభావురాలు అని రాస్తే పైనుంచి నవ్వుతుంది. పచ్చడి జాడీలో మంచి ముక్కలన్నీ అడుగున దాచేది. అష్టాచెమ్మాలో గవ్వలు ఎలా పడ్డా తనకు కావలసినట్టే లెక్క చెప్పేది. కానీ ఇంటికి ఎవరొచ్చినా గడప దగ్గర చెప్పులు చూసి బియ్యం పోసేది. మనుషులను అడిగితే మొహమాటానికి తిన్నామంటారట, చెప్పులు అబద్ధమాడవట. అందరూ కూర్చున్నాక ఆమెది ఒక్కటే కట్టడి: "బంతి లేచెదాంక ఎవ్వలు లేవొద్దు." పక్కవాడు ఇంకా తింటుండగా విస్తరి ముందు నుంచి లేవడం ఆమె దృష్టిలో దొంగతనం కన్నా పెద్ద నేరం. నేను దాన్ని చాదస్తం అనుకున్నాను, ఓడ ఎక్కేదాకా.

సముద్రం లేని చంద్రపూర్‌కూ ఓడకూ ఏం సంబంధం అని అడగకండి. దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తున్న రోజులవి. మా దుకాణానికి కొత్త రంగుల కంపెనీ ఏజెన్సీ వచ్చింది. కరెంటు ప్లాంటు కాలనీ ఊర్జానగర్ నుంచి రిటైరై ఇళ్లు కట్టుకున్నవాళ్లందరికీ ఒక్కసారిగా సున్నం మీద విరక్తి పుట్టి, గులాబీరంగు మీద, చిలకపచ్చ మీద మోజు కలిగింది. చూడటానికి కళ్లు మండేవి గానీ డబ్బాలు బాగా అమ్ముడుపోయాయి. కంపెనీ సంతోషించి మా ఆయనకు ఒక ఇత్తడి షీల్డు ఇచ్చి, మంచి డీలర్లను కుటుంబాలతో సహా బొంబాయి నుంచి గోవాకు ఓడలో తిప్పుతానంది. బావగారు దుకాణం విడిచి రానన్నారు. అక్క, నేను, మా ఆయన బయలుదేరాం. అక్క ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా, దాని నిండా సత్తుపిండి ముద్దలు.

"ఓడల అన్ని పెడ్తరక్కా, గీ డబ్బా ఎందుకు?" అన్నాను.

"పెడ్తరు. పెట్టకపోతే?"

ఎక్కిన సాయంత్రమే సిబ్బంది మా అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగించి, ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో చూపించారు. డీలర్లు వినలేదు, ఫొటోలు దిగారు. అక్క మాత్రం సిబ్బందిలో తెల్ల బట్టల్లో ఉన్న ఒక గోవా పెద్దమనిషిని పట్టుకుని, చిన్న పడవల్లోకి ముందు ఎవరు దిగుతారని తన హిందీలో అడిగింది. ముందు ప్రయాణికులు, అందరికన్నా చివర మేము అన్నాడాయన.

అక్క నావైపు తిరిగింది. "గట్లయితే గీళ్లు ఆడపెండ్లోళ్లు చెల్లే. మనం మగపెండ్లోళ్లం. పాపం, అందరు తిన్నంకనే గీళ్లకు మెతుకు."

మర్నాడు మధ్యాహ్నం ఇంజను గదిలో మంట లేచింది. దీపాలు ఆరిపోయాయి, గంట మోగింది, మెట్ల మీదుగా పొగ పైకి వచ్చింది. అందరం డెక్కు మీదికి పరుగెత్తాం. అప్పుడు చూడాలి మా మగపెళ్లివారి వైభవం! ఒకాయన జాకెట్టు మీద జాకెట్టు తొడుక్కుని, ఇంకొకటి కిందేసుకుని కూర్చున్నాడు. ఇంకొకాయన మేనేజరును పిలవమన్నాడు, మంటను మందలించడానికేమో. సిబ్బంది మాత్రం వియ్యాలవారిని సముదాయించినట్టు చిరునవ్వులతోనే తిరుగుతున్నారు. మా గుంపును లెక్కపెట్టే అమ్మాయి గొంతు వణకడం లేదు గానీ, వేళ్లు మెడలోని ఈల తాడును మెలిపెడుతూనే ఉన్నాయి.

అప్పుడు చూసుకున్నాను, మా ఆయన లేడు. షీల్డు కోసం కిందికి వెళ్లాడని ఎవరో చెప్పారు.

గోవా పెద్దమనిషి తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుని పొగలోకి దిగాడు. అమ్మాయి మళ్లీ లెక్కపెట్టింది, తేలలేదు. ఒకరు అటు జరుగుతారు, ఒకరు సామాను కోసం మెట్లవైపు నడుస్తారు. కింద ఒక్కరే చిక్కుకున్నారో, ఇంకా ఉన్నారో తెలియదు. తెలియకపోతే ఇంకొకరిని పొగలోకి పంపాలి. ఊరంతా భయపడే నా నోరు ఆ ఒక్కసారి పెగల్లేదు.

అక్క డబ్బా మూత తీసి ఇనుప కటకటాలకేసి ఠంగుఠంగుమని కొట్టింది. మనం బంతి అనేదాన్ని మరాఠీవాళ్లు పంగత్ అంటారు కదా, ఆ మాటే అందుకుంది.

"పంగత్ బస్లీ! ఖాలీ బసా! కోణీ ఉఠాయ్చ నాహీ!"

బంతి కూర్చుంది, కింద కూర్చోండి, ఎవరూ లేవొద్దు అని. నాగపూర్ వాళ్లు, విదర్భ అమరావతి వాళ్లు, మేనేజరును పిలవమన్నాయనతో సహా, టక్కున వరుసగా కూలబడ్డారు. బంతి వేశారంటే కూర్చోవడం, అందరితో పాటే లేవడం వాళ్లకూ చిన్ననాటి అలవాటే. బుద్ధి పనిచేయనప్పుడు మోకాళ్లు పనిచేశాయి. అక్క చేతుల్లో ముద్దలు పెడుతూ ముందు నడిచింది, అమ్మాయి వెనక లెక్కపెడుతూ నడిచింది. మా పక్క ఊరు రాజురా నుంచి వచ్చిన సేటు ఒకాయన మెల్లగా లేవబోయాడు.

"బ్రీఫ్‌కేసు తెచ్చుకుంటనమ్మా, రెండు నిమిషాలు."

"కూసో సేటూ. పక్కాయన నోట్ల ముద్ద గట్లనే ఉంది, కనవడ్తలేదా? గింత పెద్ద దుకాణం నడిపినవు, బంతిల కూసునుడు తెల్వదా?"

సేటు కూర్చున్నాడు. లెక్క తేలింది. కింద ఉన్నది మా ఆయన, ఆయన్ను వెతకడానికి వెళ్లిన పెద్దమనిషి, అంతే. ఇక ఎవరినీ పంపనక్కర్లేదు. వాళ్లు రావాలి, అంతే.

వచ్చారు. ముందు దగ్గు వినిపించింది, తర్వాత మనుషులు కనిపించారు. పెద్దమనిషి భుజం మీద వాలి మా ఆయన, చంకలో షీల్డు.

"ఏమయ్యా మరిదీ," అంది అక్క, "పానం కిందేసి ఇత్తడి మీదికి తెచ్చినవా?"

"వదినా, నీళ్లు..."

"ఇస్త. ముందుగాల బంతిల కూసో."

అప్పటికి నాకు నోరొచ్చింది. నేనేమన్నానో అచ్చువేసే భాష కాదు. అక్క విని మెచ్చుకుంది.

సాయంత్రానికి మంట ఆరింది. చిన్న పడవలు దించే అవసరమే పడలేదు. ఇంకో ఓడ వచ్చి మమ్మల్ని గోవాకు లాక్కెళ్లింది. ఆ షీల్డుతో అక్క చాలా ఏళ్లు పచ్చడి జాడీ మూసింది.

మొన్న పదోనాటి భోజనాలకు అందరూ వచ్చారు. ఒక్కరూ మధ్యలో లేవలేదు. అందరినీ కూర్చోబెట్టిన మనిషి మాత్రం ముందే లేచి వెళ్లిపోయింది. ఈ విషయంలో ఆమెను క్షమించే ఉద్దేశం నాకు లేదు.

చంద్రపూర్‌లో మన తెలుగిళ్ల పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్లు తక్కువ. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ చివరి ముక్క చదివి వినిపించండి. ఆ మధ్యాహ్నం డబ్బా అడుగున ఒక్క ముద్ద మిగిలింది. మసిబారిన తెల్ల బట్టలతో ఆ పెద్దమనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. అక్క ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ముద్దను రెండు చేసి సగం ఆయన చేతిలో పెట్టింది. మిగతా సగంతో, చీర మీది నారింజ జాకెట్టుతో సహా, ఆయన పక్కనే చతికిలబడింది. సత్తుపిండి తొందరగా మింగుడుపడదు. వాళ్లిద్దరూ సముద్రాన్ని చూస్తూ నిదానంగా నములుతున్నారు. డెక్కు మీద అంతమందిమీ, సేటుతో సహా, లేవకుండా వాళ్ల కోసం కూర్చున్నాం.