మొదలుకుళ్ళు పట్టిన తమలపాకు తోట

స్టీల్‌ప్లాంటు ఉద్యోగం కోసం మా నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ అందులోనే చేరాను. మట్టిలో చెయ్యి పెట్టింది పెళ్ళయ్యాకే. మా ఆవిడది ఎలమంచిలి దగ్గర పల్లె. వాళ్ళ నాన్న వేసిన తమలపాకు తోటను ఆమె, వాళ్ళన్నయ్య, అంటే మా బావ, కలిసి చేయిస్తున్నారు. సెలవు దొరికితే నేనూ వెళ్ళి ఆకు కోసేవాణ్ణి.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టాయి. ఓ ఆదివారం వెళ్ళేసరికి పల్లం వైపు తీగలన్నీ వాడి వేలాడుతున్నాయి. అవిశ చెట్టుకు పాకిన ఒక తీగను మా బావ కాస్త లాగాడు. మొదలు దగ్గరే తెగి చేతికొచ్చేసింది. నల్లగా, జిగటగా, కంపు కొడుతోంది.

"అయిపోనాది బావా. తోటంతా పీకేసి అచ్యుతాపురం కంపినీలో పనికెలిపోతాను," అన్నాడు.

"పీకడానికి నీ ఒక్కడిదేటి తోట? ఆ తీగ ఇలాగియ్యి. ఎవల్నైనా అడుగుదుం," అంది మా ఆవిడ.

రైతు సేవా కేంద్రంలో పనిచేసే అమ్మాయి తీగ చీల్చి చూసింది. "నీళ్ళు నిలిచిన చోటే మొదలైందా అండీ?" అని అడిగింది. ముందు కాలవలు తీసి నీళ్ళు పోనివ్వమంది. చచ్చిన తీగల్ని వేళ్ళతో సహా తీసి కాల్చమంది. మిగిలినవాటి మొదళ్ళలో మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పోసి, కొన్ని వారాలు ఆగాక ట్రైకోడెర్మా వేయమంది. అది మేలు చేసే బూజట, కుళ్ళు తెచ్చేదాన్ని మట్టిలోనే అణిచేస్తుందట. రెండూ ఒకేసారి వేస్తే మందుకు ఇదీ చచ్చిపోతుందని మరీ మరీ చెప్పింది.

బయటికి రాగానే మా బావ అందుకున్నాడు. "ఏటి బావా, తెగులుకి మందెయ్యమంటే బూజు పెంచమంతాదేటి?"

ఒప్పుకోకపోయినా కాలవలు తవ్వడానికి ముందు దిగింది అతనే. మైలుతుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, సున్నం ఇంకోదాంట్లో కలిపి, రెండూ ఒకదాంట్లో పోశాం. మా ఆవిడ చాకు ముంచి తీస్తే ఎర్రటి మరక పడింది. ఇంకాస్త సున్నం పడాలి, లేకపోతే తీగలు మాడతాయి. సున్నం కలిపి మళ్ళీ ముంచితే చాకు తెల్లగానే వచ్చింది. అప్పుడు మొదళ్ళలో పోశాం.

ఆ అమ్మాయి చెప్పినట్టే కొన్ని వారాలు ఆగి పశువుల ఎరువు, వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి, నీడలో పోగు పెట్టి తడి గోనెలు కప్పాం. కొన్నాళ్ళకు ఎరువు మీద ఆకుపచ్చ బూజు కమ్మింది. మా బావ పొద్దున్నే లేచి గోనెలు తడుపుతున్నాడని మా ఆవిడ నవ్వుతూ చెప్పింది. ఆ ఎరువును ప్రతి తీగ మొదట్లోనూ వేశాం.

అంతలో వాయుగుండం. ప్లాంటులో మా షెడ్డు రేకుల మీద వాన హోరెత్తుతుంటే నాకు పని మీద ధ్యాస లేదు. ఈసారి మిగిలిన తోట కూడా పోతుందనే అనుకున్నాను.

వాన వెలిశాక క్యాంటీన్లో ఉండగా మా బావ ఫోన్ చేశాడు. "బావా, నానిప్పుడు తోటలోనే ఉన్నాను. నీరంతా కాలవలోకి పోనాది. ఒక్క తీగా వాడలేదు. సిగుర్లేత్తన్నాయి."

కంచం పక్కకి జరిపి ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంతన్నావా?"

"వింటున్నాను బావా. చెప్పు, ఇంకా చెప్పు," అన్నాను.

పల్లంలో పోయిన వరసలు ఆ ఏడాదికి పోయినట్టే. అయినా చాలా రోజుల తర్వాత ఆ పూట అన్నం సహించింది. రెండోసారి సాంబారు కూడా అడిగి పోయించుకున్నాను.