మొదటి ఓడ జాబితా కోసం జగిత్యాల నుంచి సిరిసిల్లకు

కాలేజీలో నేను గణితం చెబుతాను. కొద్దిపాటి వనరులను ఎలా సర్దితే ఎక్కువమందికి అందుతాయో లెక్కకట్టే గణితం. గల్ఫ్‌లో యుద్ధం ముదిరి, ఒక రేవు నుంచి మనవాళ్లను ఓడల్లో తీసుకురావాల్సి వచ్చినప్పుడు, ఏ క్యాంపు బస్సు ఎప్పుడు రావాలి, ఎవరు ఏ ఓడ ఎక్కాలి అని లెక్కకట్టే బృందంలోకి నన్నూ పిలిచారు. ఓడలో చోటుకు కొదవ లేదు, కొదవంతా రేవు గేటు దగ్గర నిమిషాలకే. చాలామంది అసలు పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే ఉండిపోయాయి. ఇంటి నుంచి నకలు ముందే అందితే మనిషికి మూడు నిమిషాలు, లేకపోతే పదిహేను. సముద్రం పోటు మీద ఉండగానే ఓడ కదలాలి కాబట్టి, మా కంప్యూటర్ ప్రోగ్రాం నకలు లేనివాళ్లను రెండో ఓడకు నెట్టేసింది. ఆ రెండోది వస్తుందో రాదో ఎవరూ చెప్పలేకపోయారు. నకలు అందనివాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల వైపు ముగ్గురి ఇళ్ల ఫోన్లు కలవలేదు. జాబితా మూసేది సాయంత్రం ఐదింటికి. చిరునామాలు పట్టుకుని బయల్దేరాను.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కితే పదింటికి జగిత్యాల. మొదటి ఇల్లు బస్టాండ్ వెనకే, నకలు పది నిమిషాల్లో దొరికింది. అక్కడి నుంచి కోరుట్లకు ముప్పావు గంట, టికెట్టు నలభై రూపాయలు. రెండో ఇంటి గడపలో లక్ష్మి కూర్చుని బీడీలు చుడుతోంది. చాట పక్కన పెట్టి, భర్త రాజన్న పాస్‌పోర్టు నకలు తెచ్చిచ్చింది. ఇక మీ ఆయన మొదటి ఓడలో వస్తాడని చెప్పేశాను. ఆమె ముఖం తేలికపడలేదు.

"ఆయన ఒక్కడు రాడు మేడం. నర్సయ్యకు కాలు ఇరిగింది. మా ఆయననే ఎత్కోని తిప్పుతున్నడు. గాయనను ఇడిసిపెట్టి ఓడెక్కుమంటే ఎట్ల ఎక్కుతడు?"

"నర్సయ్య అంటే సిరిసిల్ల ఆయనేనా?"

"ఆయననే. పదేండ్ల సంది ఒక్క రూంలనే ఉంటున్నరు."

నర్సయ్యది నా దగ్గరున్న మూడో చిరునామా. మా లెక్కలో వాళ్లిద్దరూ ఒకరికొకరు సంబంధం లేని రెండు అంకెలు. మా బృందానికి ఫోన్ చేసి ఇద్దరినీ కలిపి ఉంచమన్నాను. కలపగానే, ఇంకా నకలు అందని నర్సయ్యతోపాటు రాజన్న కూడా రెండో ఓడకు జారిపోయాడు. ఆ సంగతి లక్ష్మికి చెప్పకుండానే బయల్దేరాను.

సిరిసిల్లకు నేరుగా బస్సు కోసం రెండు గంటలకు పైగా చూసి, చివరికి పద్దెనిమిది వందలకు కారు మాట్లాడుకున్నాను. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ మీదుగా దారి. రుద్రంగి దగ్గర సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. తొందరగా పోనివ్వమన్నాను.

"వడ్ల మీదికెల్లి ఎట్ల పోనియ్యాలె మేడం? గదీ బతుకే గద," అన్నాడు డ్రైవర్. నేను తొందరపెట్టడం మానేశాను. గడియారం చూడటం మాత్రం మానలేకపోయాను.

నాలుగు దాటాక సిరిసిల్ల చేరాం. నర్సయ్య వాళ్ల అన్న సమ్మయ్య మరమగ్గాల షెడ్డులో ఉన్నాడు. చప్పుడుకు నా మాట వినపడక మగ్గాలు ఆపేశాడు. "కాగితం ఏడ పెట్టిండో ఏమో, దేవులాడాలె," అంటూ ఇంటికి పరుగెత్తాడు. బీరువా, పరుపు కింద, బియ్యం డబ్బా వెనక అన్నీ వెతికాం. నాలుగూ నలభైకి గ్యాస్ పుస్తకంలో మడతపెట్టి దొరికింది. వాకిట్లో ఎండలో ఫొటో తీసి పంపాను. సమ్మయ్య నా ఫోన్ వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఐదుకు ఆరు నిమిషాల ముందు జవాబొచ్చింది. ఇద్దరూ మొదటి ఓడలోనే. చదివి వినిపిస్తే సమ్మయ్య అరుగు మీద కూలబడి, తలపాగతో ముఖం తుడుచుకున్నాడు. కింద ఇంకో వరుస ఉంది, అది చదవలేదు. నర్సయ్యను స్ట్రెచర్ మీద ఎక్కించే నిమిషాలు సర్దడానికి ఇంకో ఇద్దరు రెండో ఓడకు మారారు.

రాజన్న, నర్సయ్య క్షేమంగా వచ్చారు. రెండో ఓడ నాలుగు రోజులు ఆలస్యమైంది. ఆ నాలుగు రోజులూ ఓడ కబురు కోసం బృందానికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. దాని జాబితా రాగానే, నర్సయ్య కోసం మారిన ఆ ఇద్దరి నంబర్లు వెతికాను. రెండూ ఉన్నాయి. నా లెక్క తప్పు కాదని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకుంటాను, కానీ ఆ ఇద్దరి ఇళ్లకు వెళ్లి ఆ మాట అనగలనా అంటే తెలియదు. మీ ఇంట్లోనూ ఎవరైనా దూరదేశంలో ఉంటే, పాస్‌పోర్టు నకలు ఒకటి చేతికందే చోట ఉంచుకోండి. దాని వెనక, మీవాడు ఎవరిని విడిచి రాడో ఆ పేరు కూడా రాసిపెట్టండి.