పాంథర్‌కి బొట్టు పెట్టిన మనిషి

మా ఆయన వీరాంజనేయులు అమెరికాలో, మిషిగన్‌లోని ట్రాయ్‌ ఊళ్ళో కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరు. వారంలో ఐదు రోజులు కార్లు ఆపడమే ఆయన పని. శనివారం వచ్చిందంటే మాత్రం ఆయన్ని ఆపడం ఆ బ్రహ్మతరం కూడా కాదు. ఇంటికి నలభై మైళ్ళ దూరంలో ఉన్న ఓ చిన్న విమానాల మ్యూజియానికి పరిగెత్తుతాడు. అక్కడ పాంథర్ అనే ముసలి నేవీ జెట్టు ఉంది. ప్రొపెల్లర్లు పోయి జెట్లు వస్తున్న కొత్తలో, కొరియా యుద్ధానికి ఓడ మీంచి ఎగిరిన రకం. నాకంటూ సవతి ఉంటే అదే.

మూడేళ్ళు అక్కడ నేల తుడిచి, తుప్పు గీకి, రివెట్లు కొట్టి, చివరికి మెడలో వేసుకునే వాలంటీర్ బ్యాడ్జి సంపాదించాడు. గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి గానీ, బ్యాడ్జి వచ్చిన రోజున నా చేత సేమ్యా పాయసం చేయించాడు.

మన తెలుగువాళ్ళు ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తే ఇక చూడాలి ఆయన హుషారు.

“ఓడ డెక్కుని మన గుడి పార్కింగ్ లాట్ అనుకోండి. ఈ చివర్నుంచి మీరు ఫుల్ స్పీడులో వస్తున్నారు. ఆ చివర నిండా కార్లు పార్క్ చేసున్నాయి. మధ్యలో అడ్డంగా వైర్లు కట్టుంటాయి. మీ విమానం తోక కింద కొక్కెం వైరుకి తగిలిందా, బతికారు. తగల్లేదా, ముందు వల ఉంది. అదీ ఆపలేదా, గోవిందా!”

“అంకుల్, దట్ ఈజ్ సో డేంజరస్!” అంటారు పిల్లలు. ఈయన మీసం మెలేస్తాడు, ఆ ఓడ మీద తనే దిగొచ్చినట్టు.

ఈ ఏడాది దసరా వారంలో శనివారం నాడు పాంథర్‌కి పెద్ద పండగ. ఓడ డెక్కు మీద చోటు చాలదని ఈ జెట్ల రెక్కలు పైకి మడుచుకునేలా చేశారట. పాడైపోయిన ఆ రెక్కల యంత్రాన్ని మ్యూజియం వాళ్ళు ఏళ్ళ తరబడి బాగు చేశారు. మొదటిసారి మడిచే ముహూర్తానికి వాల్టర్ అనే తొంభై నాలుగేళ్ళ పెద్దాయనని పిలిచారు. ఆయన ఇరవై ఏళ్ళ వయసులో ఓడ మీద ఇలాంటి పాంథర్‌నే చూసుకున్న మెకానిక్. చేతులెత్తి సైగ చేసి రెక్కలు మడిపించడం ఆయన పని. ఆదివారం పొద్దున్నే ఆరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ మిషిగన్ రాడు. వెళ్ళేలోగా ఒక్కసారి ఆ సైగ చేయాలని ఆయన కోరిక.

శనివారం నేనూ, మా అమ్మాయి కృతీ కూడా వెళ్ళాం. జనం బాగానే వచ్చారు. వాల్టర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నడకకి ఆసరాగా వాకర్ పట్టుకుని వచ్చి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు ముందు నిలబడ్డాడు. అంతలో మ్యూజియం మేనేజర్ డోనా ఎడమ రెక్క కింద వంగి చూసి, “ఆపండి!” అని అరిచింది. చక్రం మీద ఎర్రటి చారలు. కింద నేల మీద ఎర్రటి మడుగు.

“నాన్నా, దే థింక్ ఇట్స్ లీకింగ్. రెక్క ఫోల్డ్ చేసే ఆయిల్ కూడా రెడ్ కలర్ కదా?” అంది కృతి.

మా ఆయన మొహం చూద్దును కదా, కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

“ఉమా, అది ఆయిల్ కాదే,” అని నా చెవిలో గొణిగాడు. “కుంకుమ నీళ్ళు. నిన్న సాయంత్రం గుడిలో కార్లకి పూజ చేయించాక, నిమ్మకాయలు మిగిలాయి. మూడేళ్ళు చేత్తో పని చేశాను, దసరాకి దీనికి మాత్రం బొట్టు పెట్టకపోతే ఎట్లా అనిపించి వచ్చి పెట్టా. నిమ్మచెక్కలు తీసేశా గానీ, నీళ్ళు తుడవడం మర్చిపోయా.”

“మీ భక్తి తగలెయ్య! నోర్మూసుకుని నిలబడండి. చెప్పారంటే బ్యాడ్జి పీకేస్తారు,” అన్నాను. విమానానికి అనుమతి లేకుండా ఏదీ పూయకూడదని వీళ్ళందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఆ సంతకం పెట్టేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

డోనా వచ్చి పెద్దాయనకి సారీ చెప్పింది. పాత గొట్టాల్లో ప్రెషర్ ఎక్కిస్తే ఎవరికైనా దెబ్బ తగలొచ్చు, అంతా విప్పి చూడాలి, వచ్చే వారం పెట్టుకుందాం అంది. “వచ్చే వారం నేనుండను కదా,” అన్నాడు వాల్టర్. వాకర్ని మెల్లగా గుమ్మం వైపు తిప్పుకున్నాడు.

నేను మా ఆయన మోచేయి గట్టిగా గిల్లాను, కదలొద్దని. నాకూ ఆ ముసలాయన్ని చూస్తే జాలేసింది, కాదనను. కానీ ఈయన మూడేళ్ళ కష్టం నా కళ్ళ ముందుంది. ఈయన నా చెయ్యి విడిపించుకుని ముందుకెళ్ళాడు.

“డోనా, అది లీక్ కాదు. నేనే పోశాను,” అన్నాడు అందరి ముందూ. పండగ సంగతంతా చెప్పాడు. డోనా వేలితో ఆ ఎరుపు తీసి వాసన చూసింది. నిమ్మకాయ వాసన. మెకానిక్కులు తుడిచి, టార్చి లైట్లు వేసి గొట్టాలన్నీ వెతికారు. ఎక్కడా చుక్క కారడం లేదు. వాల్టర్‌ని వెనక్కి పిలిచారు.

డోనా మా ఆయన ముందు చెయ్యి చాపింది. ఈయన మెళ్ళోంచి బ్యాడ్జి తీసి ఇచ్చాడు. ఆరు నెలల తర్వాత కావాలంటే మళ్ళీ అప్లై చేసుకోవచ్చంది. మొదట్నుంచీ, అంటే నేల తుడవడం నుంచీ.

ఈయన తాడు దాటి, టికెట్టు కొన్నవాళ్ళతో పాటు మా పక్కకొచ్చి నిలబడ్డాడు. వాల్టర్ తన వాకర్ని వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. కిర్రుమంటూ ఆ నీలం రెక్కలు లేచాయి. ఎడమది సగంలో కాసేపు మొరాయించింది. పెద్దాయన చేతులు దించలేదు. అదీ లేచి నిలబడ్డాక గానీ దించలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన మాత్రం చిన్నపిల్లాడిలా ఏడుస్తూ, ఖాళీ మెడ తడుముకుంటున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఈ మనిషి నా మాట విననందుకు నేను సంతోషించింది ఆ ఒక్క రోజే.