మూసిన తలుపు ముందు

పరాయి దేశపు హోటల్ లాండ్రీలో పద్దెనిమిదేళ్ళు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేసినందుకు ఆయన మోకాళ్ళు అరిగాయి గానీ, నోరు మాత్రం అరగలేదు. పనివాళ్ళ వసతిలోకి మనవాడెవడు కొత్తగా దిగినా, పెట్టె కింద పెట్టకముందే పాఠం మొదలు. "ఎవర్నీ జీతమెంతని అడక్కు. పిల్లలెందరని అడక్కు. మనిషిని తాకి మాట్లాడకు. తలుపు మూసుంటే కొట్టకు, వాళ్ళే తీస్తారు." అందుకే ఆయన పేరు మర్యాదల మావయ్య అయి కూర్చుంది. వెనకాల నవ్వుకునేవాళ్ళు కూడా. ఆయనకది తెలుసు.

నవ్వేవాళ్ళదేం పోయింది! ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది, వేరే చోట పక్కన పనిచేసే ఆవిడ కళ్ళొత్తుకుంటుంటే, భుజమ్మీద చెయ్యేసి "ఏమైందమ్మా" అన్నాడు పాపం. అంతే. ఆఫీసులో మూడు గంటలు దోషిలా నిలబెట్టి, ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. అయ్యో అనడం కూడా నేరమయ్యే చోటుందని ఆయనకి అప్పుడు తెలిసింది. ఈ హోటల్లో పని దొరికేదాకా పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అప్పట్నుంచి అక్కడి పద్ధతులే ఆయనకు వేదం.

అలాంటి మనిషి దగ్గరికి భార్య తమ్ముడు వచ్చి పడ్డాడు. ముప్పై ఆరేళ్ళవాడు, అదే హోటల్లో గిన్నెలు తోమే పని. కాలు నిలవదు, నోరు ఆగదు. భాష రాకపోతేనేం, ఏ గది కనిపిస్తే ఆ గది తలుపు దబదబా బాది, చెయ్యి నోటిదగ్గర పెట్టి "తిన్నారా?" అని సైగ చేసేవాడు. ఎదురుగది వాచ్‌మన్ రాత్రంతా కాపలా కాసి పగలు పడుకునే మనిషి. అతన్ని ఇలా రెండుసార్లు లేపాడు. రెండుసార్లూ వార్డెన్‌కి ఫిర్యాదు వెళ్ళింది. మూడోది వస్తే గదీ, ఉద్యోగమూ రెండూ పోతాయన్నారు.

మావయ్య వాణ్ణి తన గదిలోకి లాక్కొచ్చి చెడామడా తిట్టాడు.

"మనిషి తిన్నాడో లేదో అడిగితే తప్పా బావా?"

"ఇక్కడ తప్పే."

"పోనీలే, నీ గదికి రావచ్చుగా?"

"నా గదైనా అంతే. తలుపు మూసుంటే నేను నీకు బావని కాదు, పరాయివాణ్ణి. తీసేదాకా బయట నిలబడు. ఇంకోసారి కొట్టావో, నేనే నిన్ను విమానం ఎక్కిస్తా."

వాడి మొహం మాడిపోయింది. "సరే బావా," అన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. బావ గది దగ్గరికొస్తే బయటే చెప్పులు విప్పి, చిన్నగా దగ్గి, తలుపు తీసేదాకా నిలబడేవాడు. దున్నపోతుకి కూడా దారి చూపించానని మావయ్య అందరికీ చెప్పుకున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మావయ్య మంచమెక్కి మోకాళ్ళకి మందు రాసుకుంటున్నాడు. వరండాలో అడుగులు వినిపించి, తన గుమ్మం దగ్గర ఆగాయి. చిన్న దగ్గు. కాసేపటికి ఇంకో దగ్గు. వాడేనని తెలుసు. లేవొచ్చు. లేవలేదు. చూద్దాం, ఎంతసేపు ఆగుతాడో అనుకున్నాడు. తలుపు చప్పుడు కాలేదు. మొత్తానికి దారికొచ్చాడని తనలో తాను నవ్వుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ నవ్వు ఆయన్ని బతికినన్నాళ్ళూ తింటుంది, తినాలి కూడా.

అరగంట తర్వాత తలుపు తీశాడు. బావమరిది గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుడిచెయ్యి గుండె దగ్గర గుడ్డని గుప్పిట పట్టింది. చెప్పులు గుమ్మం పక్కన ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది, ప్రాణమే లేదు.

గుండెపోటన్నాడు డాక్టరు. కాస్త ముందు తెచ్చుంటే బతికేవాడేమో అన్నాడు. వాచ్‌మన్ ఆ దారినే రెండుసార్లు వెళ్ళాడట. కళ్ళు మూసుకున్న మనిషిని కదిలించకూడదని మునివేళ్ళ మీద నడిచి వెళ్ళానని చెప్పి ఏడ్చాడు. అతన్ని మాత్రం ఏమనగలం? అక్కడ మంచివాళ్ళు చేసే పనే చేశాడు.

భార్యకి ఫోన్ చెయ్యక తప్పలేదు. మొదట ఆమె గుండెలవిసేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఒక్కసారిగా ఆగింది.

"మీ గుమ్మంలోనా? మీరు గదిలో ఉన్నారా?"

"ఉన్నాను."

"నిద్రపోయారా?"

అవునంటే సరిపోయేది. అడిగేవాళ్ళూ లేరు, చూసినవాళ్ళూ లేరు.

"లేదు, మేలుకునే ఉన్నాను."

"మరి వాడు తలుపు కొట్టకుండా ఊరుకునే రకం కాదే! మన పెళ్ళైన మర్నాడు కూడా తెల్లారకముందే తలుపు బాది మనిద్దర్నీ లేపినవాడు. చచ్చిపోతూ కూడా కొట్టకుండా కూర్చోవడం వాడికెవరు నేర్పారండీ?"

"నేనే," అన్నాడాయన.