స్లాగ్ నీది, కంచాలు పద్యానివి

నిన్న సాయంత్రం డైరీలో ఆనాటి ఎండా వానా నమోదు చేసుకుంటూ ఉండగా కింది వాటా అమ్మాయి ఇంగ్లీషు ప్రశ్నపత్రం పట్టుకుని వచ్చింది. "ఆంటీ, ఇస్ పోయెమ్ కా మీనింగ్ బతాయియే నా," అంది. తెలుగువారి పిల్లే, మాట మాత్రం హిందీ. అడిగినట్టే ఆ పద్యానికి అర్థం చెబుదామని నోరు తెరిచాను గాని, బయటికి వచ్చింది మా పిన్ని మాట: "ఏ లైన్లో ఉందో సూపించు."

పిన్ని అంటే మా చిన్నాన్న భార్య. ఎనభైల మొదట్లో, హిందీ దేశంలో ఉక్కు కార్ఖానా పక్కనున్న గోవింద్‌పూర్‌లో రెండు గదుల ఇంట్లో అందరం కలిసి ఉండేవాళ్లం. విజయనగరంలో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఎ. చదివిన మనిషి, ఆ చదువంతా మా వంటింట్లో వంకాయల మధ్య వెచ్చించేది. బోర్డు పరీక్షకు ముందు స్కూల్లో పెట్టిన పరీక్షలో నేను ఇంగ్లీషు తప్పాను. రెండోసారి కూడా తప్పితే బోర్డుకు పేరు పంపేది లేదన్నారు. "ఏడాది పోతే పోనీ, ఇంగ్లీషోడు మనకి సుట్టమా ఏటి?" అని నాయనమ్మ నన్ను ఓదార్చేది, పిన్నిని ఉడికించేది.

నన్ను ముంచింది ఒక పద్యం. ముసలామె గుమ్మంలో కూర్చుంటుంది, ఆకాశం ఎర్రబడుతుంది, ఆమె లోపలికి వెళ్లి పొయ్యి అంటించి రెండు కంచాలు పెడుతుంది. అంతే. మా ఊరి ఆకాశానికేమో ఎర్రబడడానికి సూర్యుడితో పని లేదు. కార్ఖానాలో కరిగిన స్లాగును, అంటే ఇనుము తీశాక మిగిలే నిప్పులాంటి మడ్డిని, గుట్ట మీద వొంపినప్పుడల్లా పెరళ్లు, ఆరేసిన చీరలు, మనుషుల ముఖాలు కాసేపు దానిమ్మ రంగులో తేలి, మళ్లీ మెల్లగా చీకటిలోకి దిగిపోయేవి. అందుచేత స్లాగు పోస్తున్నారనీ, షిఫ్టు దిగిన కొడుకు వస్తున్నాడనీ రాశాను. టీచరుగారు దాన్ని కొట్టేసి, పక్కన సూర్యాస్తమయం, వార్ధక్యం, మృత్యువు అని రాశారు.

పిన్ని ఆ కాగితాన్ని కత్తిపీట పక్కన పరుచుకుంది.

"ఇందులో స్లాగెక్కడుందే?"

"ఆకాశం ఎర్రగా ఉంది కదా పిన్నీ."

"అది మన గోవింద్‌పూర్ ఆకాశం. సరే, సావెక్కడుంది?"

వెతికాను. అదీ లేదు.

"మరి ఉన్నదేటి?"

"రెండు కంచాలు." చెబుతూ ఉండగానే తట్టింది. "ఎవరికోసమో చూస్తోంది పిన్నీ!"

"అదీ! స్లాగ్ నీది, కంచాలు పద్యానివి. ముందు నీ మాట రాయి, దాని కిందే ఆ లైను పెట్టు. మజ్జిలో ఇంకేటీ ఒద్దు."

"రెండు కంచాల కోసం ఇంత సదువా!" అంది నాయనమ్మ.

రెండో పరీక్షలో వాన మీద పద్యం ఇచ్చారు. మా ఊరి పక్కన పారే సువర్ణరేఖ నది నా కలం చివరిదాకా పొంగి వచ్చింది. కాగితం మీదికి రానివ్వలేదు. ఉన్న వానకే కట్టుబడి, ప్రతి మాట కిందా పద్యంలోని లైను సాక్ష్యం పెట్టుకుంటూ పోయాను. నెగ్గాను; బోర్డుకు పేరు వెళ్లింది. పిన్ని చెయ్యి తుడుచుకుని నన్ను డాబా మీదికి తీసుకుపోయింది. "ఇప్పుడు సూసుకో నీ ఆకాశం. ఎవరూ మార్కులు తియ్యరు," అంది.

ఆ సాయంత్రం ఆకాశం నిజంగా ఎర్రబడిందో లేదో చెప్పలేను. నాకు మాత్రం పిన్ని ముఖం ఎర్రటి వెలుగులోనే కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఉన్నదీ, మనం కలుపుకున్నదీ ఒకటే రంగులోకి తిరుగుతాయి కాబోలు.