అయిదింటికి మూసే హాలు

ఆ రోజు నేను ఒక మాటను మార్చి చెప్పాను. అర్థం కాక కాదు, అర్థమయ్యే మార్చాను.

అప్పటికి నేను మెల్‌బోర్న్ శివార్లలోని ఒక స్థానిక కౌన్సిల్‌లో పర్యావరణ సుస్థిరత ప్రణాళిక విభాగం మేనేజర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. ఒక వేసవి చివర్లో పదేళ్ళ ప్రణాళిక రాసే పని నాకు అప్పగించారు. నా పైన డైరెక్టర్ హెలెన్, అందరి పైనా ఎన్నికైన కౌన్సిలర్లు. పద్ధతి ఇదీ: ముందు నివాసుల్ని పిలిచి మాట్లాడించి ఉమ్మడి దార్శనికత తయారుచేయాలి, అంటే అందరూ తమదనుకోగల నాలుగు వాక్యాలు. తర్వాత ప్రతి వాక్యం కిందా చేయాల్సిన పనులు, వాటికి బాధ్యుడైన అధికారి, గడువు రాయాలి. కింద పని లేని వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు.

తెలుగువాళ్ళ కోసం కమ్యూనిటీ హాల్లో ఒక సమావేశం పెట్టాం. నియమం ప్రకారం బయటి అనువాదకుణ్ణి పిలవాలి. తెలుగువాణ్ణి నేనుండగా ఎందుకని నేనే వద్దన్నాను.

మొదట లేచింది కామేశ్వరి గారు. ఏలూరులో చీరల కొట్టు నడిపిన మనిషి, భర్తతో కలిసి ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు.

"బాబూ, మీ పదేళ్ళ సంగతి సరే. ఎండలు మండే రోజుల్లో ఈ హాలు రాత్రిదాకా తెరిచి ఉంచుతారా? అయిదింటికల్లా తాళం వేసేస్తున్నారు. మా ఇల్లు చల్లబడేసరికి తెల్లారుతోంది."

ఆమె భర్త సూర్యం గారు అందుకున్నారు. "నల్ల పెంకు, చుట్టూ ఒక్క చెట్టు లేదు. కరెంటు పోయిందా, ఇక అది ఇడ్లీ పాత్రే. ఈవిడ పై ప్లేటు, నేను కింది ప్లేటు."

"కింది ప్లేటే ముందు ఉడుకుతుంది, చూసుకోండి" అన్నారావిడ. హాలంతా నవ్వింది.

హెలెన్ నా వైపు వంగి, "వాట్స్ ద జోక్?" అంది. వాళ్ళు పచ్చని, చల్లని పరిసరాలు కోరుకుంటున్నారని మెల్లగా ఇంగ్లీషులో చెప్పాను. "లవ్లీ" అని రాసుకుంది.

"చెప్పారా బాబూ?" అన్నారు కామేశ్వరి గారు.

"చెప్పానమ్మా. రాసుకున్నారు."

హాలు వేళలు మా విభాగానివి కావు. అవి మార్చాలంటే భవనాల విభాగంతో, సిబ్బంది యూనియన్‌తో నెలల తరబడి చర్చలు జరగాలి, ప్రణాళిక ఆలస్యమవుతుంది. అది ఒక కారణం. మిగతా సమావేశాల్లో జనం సోలార్ గురించీ చిత్తడి నేలల గురించీ మాట్లాడారు. నావాళ్ళు తాళం గురించి అడిగేసరికి హెలెన్ ముందు నాకు చిన్నతనమనిపించింది. ఇది అసలు కారణం.

ప్రణాళిక ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అందర్నీ ఒక్క దార్శనికత వెనక నిలబెట్టానని సభలో నన్ను మెచ్చుకున్నారు. "పచ్చని, చల్లని పరిసరాలు" మూడో వాక్యం. దాని కింద మొక్కలు నాటడం ఉంది, హాలు లేదు.

మరుసటి వేసవిలో, ఇక్కడ ఎడారి వేడిని మోసుకొచ్చే ఉత్తరపు గాలి వీచిన ఒక మధ్యాహ్నం ఆ కాలనీలో కరెంటు పోయింది. కూతురూ అల్లుడూ సిటీలో ఆఫీసుల్లో ఉన్నారు. అయిదు దాటాక కామేశ్వరి గారూ సూర్యం గారూ నడుచుకుంటూ హాలుకు వెళ్ళారు. అప్పటికే తాళం పడింది. సూర్యం గారు ఆ మెట్ల మీదే పడిపోయారు. ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

ఆ వారం ఈ మరణంపై జరిగిన సమీక్షలో హెలెన్ అడిగింది, నివాసుల సమావేశాల్లో హాలు వేళల విషయం ఎవరైనా ఎత్తారా అని. నేను తల వంచుకుని ఊరుకున్నాను.

కర్మకాండలయ్యాక కామేశ్వరి గారి దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె అన్నారు: "వెనక్కి పోదామన్నాను బాబూ. 'ఆగవే, రాసుకున్నారుగా, ఎవరో వచ్చి తీస్తారు' అని మెట్ల మీద కూర్చున్నారు."

మీ మాట నేను చెప్పనేలేదని అప్పుడు చెప్పాను.

ఆమె అన్నారు: "చెప్పలేదని ఆ రోజే అంటే సరిపోయేది కదా. ఇంట్లోనే తడిగుడ్డ కప్పుకుని పడుండేవాళ్ళం."

మర్నాడు హెలెన్‌కు జరిగిందంతా చెప్పాను. కౌన్సిల్ బహిరంగ సభలో లేచి అదే చెప్పాను. సమావేశంలో అడిగిందేమిటో, నేను మార్చిందేమిటో ఆ సమీక్ష నివేదికలో నా పేరుతో చేర్పించాను. మేనేజర్ పదవి పోయింది. మిగిలిన కాలం మామూలు ఆఫీసర్‌గా పనిచేస్తూ హాలు వేళల మార్పు పనే అడిగి తీసుకున్నాను. యూనియన్ ఒప్పుకోవడానికీ, కౌన్సిల్ ఓటుకూ ఏడాది పైగా పట్టింది. ఇప్పుడు తీవ్రమైన వేడి హెచ్చరిక వస్తే ఆ హాలు మర్నాటి ఉదయం దాకా తెరిచే ఉంటుంది.

నాయకుడికి నచ్చిన మాటలే మిగిలాక దొరికే ఏకాభిప్రాయాన్ని ఉమ్మడి దార్శనికత అనడానికి లేదు. ఒక కోరిక నెరవేరదని తెలిస్తే, అడిగినవాళ్ళ ముఖం మీదే చెప్పాలి. వాళ్ళు తమ దారి తాము చూసుకుంటారు.

వేడి రోజుల్లో హాలు చూసుకునే వాలంటీర్లలో నేనూ ఉన్నాను. మంచినీళ్ళు పెడతాను, కుర్చీలు వేస్తాను, నడవలేనివాళ్ళను కారులో తీసుకొస్తాను. కామేశ్వరి గారు ఇంతవరకూ రాలేదు. రమ్మని నేను అడగలేదు.